పళ్ళెములోని పరదేశులు

గత వేసవిలో నాగిరెడ్డిపేటలో బంధువుల ఇంట పెండ్లికి పోయినాము. భోజనముల వేళ ఎదుటి బంతిలో పట్నము నుండి వచ్చిన పిల్లలు కొందరు కూర్చున్నారు. వారి మాటలన్నియు కొరియావారి కిమ్చిని గూర్చి, జపానువారి సుషిని గూర్చి, హైదరాబాదులో అవి దొరకు చోట్లను గూర్చి. మా ప్రక్కన కూర్చున్న పెద్దనాయన కొంతసేపు విని, ఓర్వలేక మా వైపు తిరిగినారు.

“ఏందిరా, రేడియోల పనిచేస్తవు గదా, నువ్వన్న చెప్పు. మన తిండి మనకు సాలదా? ఆ జపానోళ్ళ తిండి, కొరియావోళ్ళ తిండి మనకెందుకు?”

పెద్దల ముందు, అందులోను విస్తరి ముందు, వాదము పెట్టుకొనుట మా ఇంటి ఆచారము కాదు. ఊరకున్నాము. ఐనప్పటికిని ఆయన విస్తరి వైపు చూచినప్పుడు మాకు లోలోపల నవ్వు వచ్చినది. అందులో ఉన్నవి సాంబమసూరి అన్నము, టమాట పప్పు, ఆలుగడ్డ కూర, ఎర్రని మామిడికాయ తొక్కు. టమాట, ఆలుగడ్డ, తొక్కులోని మిరప, ఈ మూడును అమెరికా ఖండము నుండి ఓడలెక్కి వచ్చినవే. ఇది చాలమందికి తెలిసిన సంగతి. తెలియనిది అన్నము కథ. ఆనాడు పెద్దనాయనకు చెప్పలేకపోయినది ఇప్పుడు శ్రోతలకు చెప్పుకొంటున్నాము.

మా నాయనమ్మ చిన్ననాడు మా ఇంట రోజువారీ తిండి జొన్న గటుక. 1922 నాటికి పోచారము చెరువు కట్ట పూర్తియై, మా ప్రాంతములో కొంత వరి పండినది గాని, వడ్లు అమ్మకానికి, జొన్నలు ఇంటికి అనునది ఆనాటి లెక్క. పండుగకు, పెండ్లికి, చుట్టము వచ్చిన నాటికి మాత్రమే బియ్యము పొయ్యి మీదికి ఎక్కేది. 1990 దాటిన తరువాత మా పొలములో మొదటిసారి సాంబమసూరి వేసినారు. మర పట్టించి తెచ్చిన బియ్యమును నాయనమ్మ గుప్పిట పట్టి, వెలుతురుకు చూచి, “గింజ గాదు బిడ్డా, మల్లెమొగ్గ” అన్నది. ఆ మాట మా చెవిలో ఇంకను ఉన్నది. సన్నబియ్యపు అన్నము మా ముందుకు వచ్చినప్పుడెల్ల మాకు ఆమె గుప్పిట కనబడును.

ఆ మల్లెమొగ్గకు వంశవృక్షము ఉన్నది. సాంబమసూరి, రైతులు బీపీటీ అని పిలిచేది, బాపట్ల పరిశోధన కేంద్రములో పుట్టి 1986లో విడుదలైనది. దాని పూర్వీకులు ముగ్గురు. ఒకటి కోయంబత్తూరులో ఎంపిక చేసిన పాత దక్షిణాది వడ్లు. రెండవది తైవాను నుండి వచ్చిన పొట్టి రకము. మూడవది మసూరి. ఈ మసూరి అను పేరు మైసూరు నుండి వచ్చినదని మా ఊళ్ళో కొందరు అనుకొంటారు. కాదు. మలయా సముద్రములో లంకావి అను ద్వీపమున్నది. చేయని నేరమునకు మరణశిక్ష పొందిన ఒక స్త్రీ కథ అక్కడి ప్రజలు తరతరములుగా చెప్పుకొంటారు. ఆమె పేరు మహ్సూరి. 1965లో మలేషియాలో విడుదలైన వరికి ఆ పేరు పెట్టినారు.

మరి ఆ మహ్సూరికి తల్లిదండ్రులెవరు? రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆసియా దేశములలో ధాన్యపు కొరత తీవ్రముగా ఉన్నది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటకములోని వరి పరిశోధన కేంద్రము ఆధారముగా ఒక పథకము నడిపినది. మన వైపు పండే పొడుగు గింజ జాతిని, జపాను వైపు పండే గుండ్రని గింజ జాతిని సంకరము చేయుట ఆ పథకము. అందులో మలయా దేశపు మయాంగ్ ఎబోస్ అను రకమునకు జతగా తైచుంగ్ 65 అను రకమును వాడినారు. ఈ తైచుంగ్ 65 తైవాను జపాను ఏలుబడిలో ఉన్న కాలమున, 1920ల నాటిది. జపాను మార్కెట్టుకు తగిన బియ్యమును తైవాను ఎండలో పండించవలెనని జపాను శాస్త్రజ్ఞులు కామెజి, షిన్‌రికి అను రెండు జపాను రకములను కలిపి దానిని తయారు చేసినారు.

అనగా, మా నాయనమ్మ గుప్పిట పట్టి చూచిన గింజలో జపాను రక్తము ఉన్నది. జపాను నుండి తైవాను, తైవాను నుండి కటకము, కటకము నుండి మలయా, అక్కడి నుండి బాపట్ల, బాపట్ల నుండి పోచారము నీళ్ళు. ఇన్ని మజిలీలు చేసి వచ్చిన గింజను ఆమె మల్లెమొగ్గ అన్నది గాని, పరదేశి అనలేదు.

(ఇంకొక సంగతి. 1953లో దేశమంతట జపాను పద్ధతి వరిసాగు అను ప్రచారము జరిగినది. నారుమడిని శుభ్రముగా పెంచుట, వరుసలలో నాటుట, ఎరువు తగిన కాలమున వేయుట, తరచు కలుపు తీయుట అందులోని ముఖ్యాంశములు. ఆ రోజులలో ఆకాశవాణి గ్రామస్థుల కార్యక్రమములకు ఇది ప్రియమైన విషయము. వరుసలలో నాటుట చాల చోట్ల నిలువలేదు గాని, జపాను అను మాట మన రైతు చెవికి కార్ల వలన, టేపురికార్డర్ల వలన చేరకముందే వరి వలన చేరినది.)

ఇక అటువైపు చూతము. జపానులో నేడు పిల్లవానిని నీకు ఇష్టమైన వంటకము ఏది అని అడిగితే, చాలమంది ఇచ్చే జవాబు కరే రైసు. మన కూర వంటిదే, చిక్కని పులుసుతో అన్నము మీద పోసుకొని తింటారు. అది అక్కడికి మన దేశము నుండి నేరుగా పోలేదు. ఆంగ్లేయులు తమ ఇష్టము వచ్చినట్లు పొడిగా కట్టి, గోధుమపిండితో చిక్కబరచి, తమ ఓడలలో మోసుకొని పోయినది.

దానిని ఆదరించినది జపాను నౌకాదళము. అందుకు కారణము రుచి కాదు, చావు. 1882లో ర్యూజో అను యుద్ధనౌక దీర్ఘప్రయాణమునకు పోయినప్పుడు, అందులోని 376 మందిలో 169 మందికి బెరిబెరి వ్యాధి వచ్చి, 25 మంది మరణించినారు. తకాకి కనెహిరో అను నౌకాదళ వైద్యుడు, తెల్లగా పాలిషు పట్టిన బియ్యమునే తినుట ఇందుకు మూలమని ఊహించినాడు. 1884లో త్సుకుబా అను మరియొక నౌకను ఇంచుమించు అదే మార్గమున పంపి, నావికుల తిండిలో మాంసము, బార్లీ, గోధుమ చేర్పించినాడు. ఈసారి ఆ వ్యాధితో ఒక్కరును చనిపోలేదు. అతడు చెప్పిన కారణము పూర్తిగా సరియైనది కాదు. తవుడులో ఉన్న విటమిను సంగతి తరువాతి వారు కనుగొన్నారు. ఐనను వైద్యము ఫలించినది. మాంసము, కూరగాయలు, గోధుమపిండి ఒక్క కుండలో ఇముడునట్టిది, అన్నము అలవాటైన నావికుడు మారాము చేయక తినునట్టిది ఏదన్న ప్రశ్నకు ఆంగ్లేయుల కూర జవాబైనది. 1908 నాటి నౌకాదళపు వంటపుస్తకములో దాని పాకవిధానము ఉన్నది. నేటికిని అక్కడి నౌకాదళములో శుక్రవారము నాడు కూర అన్నము పెట్టుట ఆచారము. తెల్లబియ్యము వలన బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాలలోను చిరకాలము ఉన్నది. మా తాతల గటుకకు ఆ భయము లేదు.

కాని ఈ ఆంగ్లేయ కూరను చూచి ఒక భారతీయునికి మనసు నొచ్చుకొన్నది. ఆయన రాస్ బిహారీ బోసు. 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజి మీద పడిన బాంబు కేసులో ఆంగ్లేయ ప్రభుత్వము వెదకుతున్న మనిషి. 1915లో జపాను చేరినాడు. ఆంగ్లేయుల ఒత్తిడికి జపాను ప్రభుత్వము దేశము విడిచిపొమ్మన్నప్పుడు, తోక్యోలో షింజుకు పేటలో నకమురాయ అను రొట్టెల దుకాణము నడుపుతున్న సోమా దంపతులు తమ ఇంటి వెనుక దాచినారు. 1918లో ఆ ఇంటి పెద్దకుమార్తె తోషికోను వివాహమాడినాడు. తలదాచుకొంటూ, ఇండ్లు మారుతూ గడిచిన కాపురము. 1925లో ఆమె చనిపోయినది. ఇద్దరు బిడ్డలు.

రెండేండ్ల తరువాత, 1927లో, సోమా దంపతులు దుకాణమునకు అనుబంధముగా భోజనశాల తెరిచినారు. ఇక్కడ దొరకు కూర మా దేశపు కూర కాదు, నేను చేసి చూపెదనని రాస్ బిహారీ పూనుకొన్నాడు. పిండి లేకుండ, ఎముకతో సహా కోడిమాంసము, మసాలాలు, నెయ్యి. ఊరిలో మామూలు కూర అన్నము 10, 12 సెన్నులకు దొరకు కాలమున దీని వెల 80 సెన్నులు. ఐనను జనము వచ్చినారు. ఆ దుకాణము నేటికిని ఉన్నది, ఆ కూర నేటికిని అమ్ముతున్నారు. దానిని జపానువారు ప్రేమకు, విప్లవమునకు గుర్తుగా చెప్పుకొంటారు. మాకు మాత్రము అది అంత శృంగారముగా తోచదు. స్వదేశమునకు తిరిగిపోతే ఉరికంబము. భార్య లేదు. తల్లి చేతివంట తినుటకు దారి లేదు. అట్టి మనిషి వంటయింటిలో నిలువబడి, మరియొక దేశపు వంటవారికి ఎంత ఉప్పు, ఎంత కారము అని చెప్పుతున్నాడు. ఆయన మరల ఇండియా చూడలేదు. 1945 జనవరిలో తోక్యోలోనే కన్నుమూసినాడు.

ఆ బోసు మరణమునకు రెండేండ్ల ముందు మరియొక బోసు జపానుకు బయలుదేరినాడు. ఆయన వెంట ఉన్నది మన హైదరాబాదు మనిషి. ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టి, ఇంజనీరింగు చదువుటకు జర్మనీ పోయి, అక్కడ నేతాజీ సుభాస్ చంద్ర బోసుకు కార్యదర్శి అయినాడు. జైహింద్ అను పలుకును రూపొందించిన వాడు ఈయనే అని చెప్పుదురు. 1943 ఫిబ్రవరిలో వీరిరువురు కీల్ రేవున యు-180 అను జర్మను జలాంతర్గామి ఎక్కినారు. ఇంచుమించు మూడు నెలల ప్రయాణము. లోపల డీజిలు వాసన. రొట్టెలో సైతము ఆ వాసనే. నేతాజీ సరిగా తినలేకపోతున్నాడని హసన్‌కు బెంగ పట్టుకొన్నది. ఓడ కొట్టడిలో వెదకి, కొన్ని బియ్యము, కొన్ని పప్పులు కనుగొని, కిచిడీ వండినాడు. సముద్రము అడుగున, ఇనుప గొట్టము వంటి ఓడలో, జర్మను పొయ్యి మీద కిచిడీ! హైదరాబాదువారికి ఉదయపు కిచిడీ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

1943 ఏప్రిల్ 28న మడగాస్కరు సమీపమున, ఎగసిపడుతున్న కెరటముల నడుమ, ఇద్దరును రబ్బరు తెప్ప మీద జర్మను జలాంతర్గామి విడిచి ఐ-29 అను జపాను జలాంతర్గామి ఎక్కినారు. ఆ జపాను నావికులు పెనాంగు రేవు విడిచినప్పుడు, రాబోవు అతిథులు భారతీయులని తెలిసి, అక్కడి బజారులో మన మసాలాలు కొని ఓడలో పెట్టుకొన్నారు. వేడి వేడి కూర వండి పెట్టినారు. ఆ ఓడ ఎక్కినప్పుడు ఇంటికి చేరినట్లు ఉండినదని హసన్ తరువాత చెప్పుకొన్నాడు. మే మొదటి వారములో వారు సుమత్రా కొసనున్న సబాంగులో దిగినారు.

ఆ యుద్ధములో జపాను సైన్యము ఆసియా ప్రజలకు చేసిన కీడు చిన్నది కాదు. మలయా తోటలలోని మన తెలుగు కూలీలు, తమిళ కూలీలు సియాం - బర్మా రైలుదారి పనిలో వేలుగా బలియైనారు. బియ్యము కరవై కర్రపెండలము తిని బ్రతికిన సంసారములు ఆ తరములో ఎన్నియో ఉన్నవి. ఒక ఓడలో పెట్టిన కూర ఆ లెక్కను చెరిపివేయదు. రెండును జరిగినవి. చరిత్ర చెప్పువారము రెండును చెప్పవలసి ఉన్నది.

స్వాతంత్ర్యము తరువాత హసన్ మన విదేశాంగ సేవలో పనిచేసి, హైదరాబాదుకు తిరిగివచ్చి, 1984లో అక్కడనే చనిపోయినాడు. రాస్ బిహారీకి దొరకనిది ఆయనకు దొరికినది.

ఇక కొరియా. అక్కడి కిమ్చి ఎర్రదనము చూచిన తెలుగువాడు, ఇది మన తొక్కు చెల్లెలు అనుకొనుట సహజము. ఐతే ఆ ఎరుపు రెండు చోట్లను కొత్తదే. మిరపను పోర్చుగీసువారు పదునారవ శతాబ్దిలో గోవా తీరమునకు తెచ్చినారు. అంతకుముందు మన కారము మిరియముది. వచ్చిన కొత్తకాయకు మన వారు మిరియము పేరునే తగిలించి మిరపకాయ అన్నారు. తూర్పున జరిగినది ఇంకను వింత. జపానువారు దానిని చైనా ఆవ అను అర్థము వచ్చు పేరుతో పిలిచినారు. కొరియావారు, అది జపాను వైపు నుండి వచ్చినది గనుక, జపాను ఆవ అన్నారు. 1614లో యి సు-గ్వాంగ్ అను పండితుడు వ్రాసిన గ్రంథములో ఈ మాట ఉన్నది. ఎవరికి వారు ఇది ప్రక్కవానిది అన్నవారే. ఆవ పేరుతో పిలిచినది మిరపనే గాని, ఆవయు మిరపయు ఒకే జాడీలో కలిసిన మన ఆవకాయను వారు చూచి ఉంటే ఏమందురో!

కొరియాలో ఊరగాయ మిరపకు ముందే ఉన్నది. ఉప్పు నీటిలో ఊరిన ముల్లంగి, ఆకుకూరలు. అందులో మిరప కలిపిన విధానము గ్రంథముల కెక్కినది 1766 ప్రాంతములలో. అనగా కొరియావాడు ప్రాణముతో సమానముగా చూచుకొను ఎర్ర కిమ్చి వయసు మూడు వందల ఏండ్లకు అటు ఇటు. మన ఎర్ర తొక్కు వయసు అంతకంటె ఎంతో ఎక్కువ ఉండదు.

పోలిక ఎరుపులో కంటె పనిలో ఎక్కువ ఉన్నది. చలికాలము ముందు, ఆకులు ఎండిపోకముందు, కొరియా ఆడవారు ఇరుగుపొరుగు కలిసి, గుట్టలుగా క్యాబేజీలు ఉప్పులో వేసి, మరునాడు కడిగి, ఆకు ఆకుకు నడుమ కారము, వెల్లుల్లి, ఉప్పురొయ్యలు కూరి, జాడీలకెత్తి, నేలలో పాతిపెట్టేవారు. ఈ పనిని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది. మా వాకిట వేసవిలో జరుగునదియు ఇదే. కాయలు కొట్టేది ఒకరు, తుడిచేది ఒకరు, వెల్లుల్లి ఒలిచేది పిల్లలు, ఉప్పు కారము కలిపేది మాత్రము నాయనమ్మ ఒక్కతే. ఒక ఇంట తొక్కు అంటే నాలుగిండ్లవారు వచ్చేవారు. పోవునప్పుడు తలా ఒక గిన్నె. అక్కడ చలికి, ఇక్కడ ఎండకు. కూరగాయ దొరకని దినముల కొరకు ముందుచూపు.

1967లో కొరియా అధ్యక్షుడు పాక్ చుంగ్ హీ అమెరికా అధ్యక్షుడు జాన్సనుకు వ్రాసిన ఉత్తరములో, యుద్ధవ్యవహారముల నడుమ, వియత్నాములో పోరాడుతున్న తమ సైనికులకు కిమ్చి అందవలెనను ప్రస్తావన ఉన్నది. ఒక దేశాధ్యక్షుడు ఊరగాయ కొరకు ఉత్తరము వ్రాయుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. గల్ఫుకు పోవు కొడుకు పెట్టెలో బట్టల నడుమ తొక్కు సీసాను గుడ్డ చుట్టి పెట్టిన తల్లులు మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఊరూర ఉన్నారు. వారికి నవ్వు రాదు.

పెండ్లి జరిగిన కొన్ని నెలలకు పని మీద అనంతపురము వైపు పోవలసి వచ్చినది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారము వచ్చి, 2019 నుండి కార్లు తయారగుట మొదలైన తరువాత ఆ ప్రాంతమున కొరియా కుటుంబములు నివసిస్తున్నవి, వారి భోజనశాలలును వెలసినవి. ఒక దానిలోనికి పోయినాము. వండునది అరువది దాటిన కొరియా స్త్రీ. మా సంచిలో అమ్మ పెట్టిన తొక్కు సీసా ఉన్నది. అక్కడ పనిచేయు అనంతపురము కుర్రవాడు కొరియా భాష నేర్చినవాడు. అతని ద్వారా ఆమెకు రుచి చూపినాము. ఆమె కొద్దిగా నాలుక మీద వేసుకొని, కన్నులు మూసుకొని, ఏదో అడిగినది.

“ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందని అడుగుతున్నారు సార్ ఆమె,” అన్నాడు కుర్రవాడు.

బాగున్నదా, కారమా అని కాదు. ఎన్నాళ్ళు నిలుచును? ఊరగాయ పెట్టు చేతికే వచ్చు ప్రశ్న అది. ఏడాది నిలుచునని చెప్పించినాము. జాడీ ఎక్కడ పెట్టెదరని మరల అడిగినది. చీకటి గదిలో, మూతికి గుడ్డ కట్టి అన్నాము. ఆమె తల ఊపి, తమ ఊరిలో అమ్మ పెరటిలో పాతేదని, మంచు తవ్వి తీసేవారమని చెప్పినది. వచ్చునప్పుడు ఒక కిమ్చి సీసా మా చేతిలో పెట్టినది. వెల ఇవ్వబోతే పుచ్చుకొనలేదు. తొక్కు సీసా అక్కడనే ఉండిపోయినది.

ఆ కిమ్చి సీసాతో నాగిరెడ్డిపేట చేరుట ఒక చిన్న పురాణము. అది ఇంకను ఊరుతూనే ఉండును గనుక లోపల గాలి నిండును. బస్సులో మూత కొంచెము వదులు చేయగానే ముందు సీటువారు వెనుకకు తిరిగి చూచినారు. దిగువరకు మేము కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాము.

పెద్దనాయనకు అన్నము కథ అంతయు చెప్పినాము. జపాను వడ్ల మాటకు ఆయన నమ్మినట్లు కనబడలేదు. “సన్నాలు మా పొలంల వండినయి, నాకు తెల్వదా” అన్నారు. అప్పుడు సీసా ముందు పెట్టినాము. ఇందులో ఉప్పురొయ్యలు ఉన్నవని ముందే చెప్పినాము. ఆయన వేలితో ఒక ముక్క తీసి, నమిలి, చాలసేపు ఏమియు అనలేదు.

“ఉప్పు సరిపోయింది. నూనె పొయ్యలె,” అన్నారు చివరకు. తరువాత లోపలికి కేకవేసి, ఇంత అన్నము తెమ్మన్నారు.